ప్రైవేటు బడికి ప్రభుత్వ సొమ్ము: వోచరుకూ ఫీజుకూ మధ్య తేడా ఎవరి నెత్తిన?

అమెరికాలో 2027 జనవరి 1 నుంచి ఒక విచిత్రమైన పన్ను వెసులుబాటు అమల్లోకి వస్తుంది. పిల్లల చదువుకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చే గుర్తింపు పొందిన సంస్థకు ఎవరైనా 1,700 డాలర్లు విరాళం ఇస్తే, ఆ ఏడాది వారు కట్టాల్సిన ఫెడరల్ ఆదాయపు పన్నులో అక్షరాలా 1,700 డాలర్లు తగ్గుతాయి. అదే మనిషి అంతే మొత్తాన్ని ఒక క్యాన్సర్ ఆసుపత్రికో, అనాథాశ్రమానికో ఇస్తే, 22 శాతం శ్లాబులో ఉన్నవారికి మహా అయితే 374 డాలర్లు కలిసివస్తాయి. మిగతాది సొంత జేబులోంచి పోవలసిందే. స్కాలర్‌షిప్ సంస్థకు ఇచ్చినవారికి మాత్రం పోయేదేమీ ఉండదు. దాత చేతిమీదుగా వెళ్లినా అది ఖజానాకు చేరాల్సిన డబ్బే.

2025 జులై 4న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన భారీ పన్నుల చట్టంలో ఈ నిబంధన ఒక మూలన ఉంది. ఆయా రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అక్కడి సంస్థలకు ఇది వర్తిస్తుంది. సంస్థ తనకు వచ్చినదాంట్లో కనీసం 90 శాతం స్కాలర్‌షిప్‌లకే ఖర్చు పెట్టాలి. ఫలానా పిల్లవాడికే ఇవ్వాలని దాత షరతు పెట్టకూడదు. ప్రైవేటు బడి ఫీజుకే కాకుండా ప్రభుత్వ బడి పిల్లల ట్యూషన్ల వంటి ఖర్చులకూ ఇవ్వవచ్చు. స్కాలర్‌షిప్ పొందే కుటుంబానికి ఆదాయ పరిమితి ఉంది కానీ అది ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి మూడు రెట్లు. మధ్యస్థ ఆదాయం 90 వేల డాలర్లు ఉన్న ఊళ్లో ఏటా 2 లక్షల 70 వేల డాలర్లు సంపాదించే ఇల్లు కూడా అర్హత పొందుతుందన్నమాట. అంత సంపాదన ఉన్న ఇంటిని సాయం అవసరమైన కుటుంబం అనడానికి మనసు ఒప్పుకోదు.

ప్రభుత్వం నేరుగా తల్లిదండ్రుల చేతికి డబ్బు ఇవ్వకుండా ఇంత చుట్టుదారి ఎందుకు పట్టింది? ఆ డబ్బు చివరికి ఎవరి ఇంటికి చేరుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు కోర్టు తీర్పుల్లో దొరుకుతుంది. రెండోదానికి బడి ఫీజు రసీదులో వెతకాలి.

చుట్టుదారి కథ

ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు బడికి పంపడం అమెరికాకు కొత్త కాదు. హైస్కూలు లేని చిన్న ఊళ్ల పిల్లలకు వేరేచోట ఫీజు కట్టే పద్ధతి వెర్మాంట్‌లో 1869 నుంచీ ఉంది. దాన్ని ఒక సిద్ధాంతంగా మలిచింది ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. చదువుకు ప్రభుత్వం డబ్బు పెట్టాలి గానీ బడులను తానే నడపనక్కర్లేదని, తల్లిదండ్రులకు వోచర్లు, అంటే బడి ఫీజుగా చెల్లే ప్రభుత్వ చీటీలు, ఇచ్చి ఎంచుకోనివ్వాలని 1955లో ఆయన వాదించారు. కాలం కలిసి రాలేదు. అప్పటికి ఏడాది ముందే బడుల్లో జాతి వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును తప్పించుకోవడానికి వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959లో తన ప్రభుత్వ బడులన్నింటినీ మూసేసి, తెల్లవాళ్ల ప్రైవేటు బడికి ఫీజు గ్రాంట్లు ఇచ్చింది. 1964లో సుప్రీంకోర్టు కల్పించుకునే దాకా అక్కడి నల్లజాతి పిల్లల్లో చాలామందికి ఐదేళ్లు బడే లేదు. వోచరు అనగానే నేటికీ కొందరు అమెరికన్లు అనుమానంగా చూడటానికి ఈ చరిత్ర ఒక కారణం.

రెండో అడ్డంకి మతం. అమెరికాలో ప్రైవేటు బడుల్లో అధిక భాగం చర్చిలకు అనుబంధంగా నడిచేవే. మత సంస్థల బడులకు ప్రజాధనం ఇవ్వకూడదని 19వ శతాబ్దం నుంచే చాలా రాష్ట్రాల రాజ్యాంగాలు నిషేధం పెట్టాయి. వీటిని బ్లేన్ సవరణలు అంటారు. అందుకే 1990లో విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీ నగరంలో మొదటి ఆధునిక వోచరు పథకం పెట్టినప్పుడు మతంతో సంబంధం లేని బడులనే అనుమతించింది. ఒహాయో రాష్ట్రం 1996లో క్లీవ్‌లాండ్ నగరంలో మొదలుపెట్టిన పథకంలో మత బడులనూ చేర్చింది. అక్కడ వోచర్లు అందుకున్న పిల్లల్లో 96 శాతం చేరింది మత బడుల్లోనే. అయినా 2002లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని సమర్థించింది. ప్రభుత్వం బడికి ఇవ్వలేదు, తల్లిదండ్రులకు ఇచ్చింది, వాళ్లు తమ ఇష్టప్రకారం ఎంచుకున్నారు అన్నది ఆ తీర్పు సారాంశం.

ఫెడరల్ రాజ్యాంగం అడ్డు తొలగినా రాష్ట్రాల రాజ్యాంగాలు మిగిలాయి. వాటిని దాటడంలో అరిజోనా చూపినంత తెలివి ఇంకెవరూ చూపలేదు. 1997లోనే ఆ రాష్ట్రం పన్ను దారి కనిపెట్టింది. పౌరుడు స్కాలర్‌షిప్ సంస్థకు విరాళం ఇస్తాడు, రాష్ట్రం అతని పన్ను తగ్గిస్తుంది, సంస్థ బడికి ఫీజు కడుతుంది. డబ్బు ఖజానాలో అడుగు పెట్టనే లేదు కనుక అది ప్రజాధనం కాదని 1999లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అంది. 2011లో దేశ సుప్రీంకోర్టూ ఇంచుమించు ఇదే తర్కంతో, ఈ పథకాన్ని సవాలు చేసే హక్కే మామూలు పన్ను చెల్లింపుదారులకు లేదని చెప్పింది. న్యాయమూర్తి ఎలెనా కేగన్ దీనితో గట్టిగా విభేదించారు. ఖజానా నుంచి ఇచ్చినా, ఖజానాకు రావలసింది వదులుకున్నా ప్రభుత్వానికి పడే బొక్క ఒకటే కదా అన్నది ఆమె వాదన. లెక్కల పుస్తకం చూసేవారెవరికైనా ఆమె మాటే నిజమనిపిస్తుంది.

విరాళం ముసుగులో ఏం జరగగలదో కూడా అరిజోనాయే చూపింది. మీ అబ్బాయి పేరు చెప్పి నేను విరాళం ఇస్తాను, మా అమ్మాయి పేరు చెప్పి మీరు ఇవ్వండి అనే మార్పిడి తల్లిదండ్రుల మధ్య మొదలైంది. ఎవరి పిల్లల ఫీజు వాళ్లు పన్నులోంచి కట్టుకున్నట్టే. చివరికి ఆ మార్పిడిని నిషేధిస్తూ చట్టం సవరించాల్సి వచ్చింది. కొత్త ఫెడరల్ చట్టంలో పేరు చెప్పి ఇవ్వకూడదన్న షరతు వెనుక ఇలాంటి అనుభవాలు ఉన్నాయి.

ఇదే అరిజోనాలో అంగవైకల్యం ఉన్న పిల్లలకు, ఆశ్రయ కుటుంబాల్లో పెరిగే పిల్లలకు పెట్టిన నేరు వోచర్లను 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండేళ్లకే శాసనసభ ‘విద్యా ఖాతా’ను ముందుకు తెచ్చింది. పిల్లల పేరిట ఖాతా తెరిచి డబ్బు వేస్తారు. ఫీజు, పుస్తకాలు, ట్యూషన్, ఇంటివద్ద చదువు, ఏదైనా సరే ఖర్చు పెట్టుకోవచ్చు. డబ్బు బడికే వెళ్లాలన్న నియమం లేదు కనుక నిషేధం వర్తించదని ఈసారి రాష్ట్ర అప్పీళ్ల కోర్టు ఒప్పుకుంది. తర్వాత 2020లో మోంటానా కేసులోనూ, 2022లో మెయిన్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. ప్రైవేటు బడులకు సాయం చేయాలనుకున్న రాష్ట్రం మత బడులను వేరు చేసి పక్కన పెట్టకూడదని తేల్చింది. మోంటానాలో వివాదానికి మూలమైన పన్ను రాయితీ ఏడాదికి 150 డాలర్లు మాత్రమే. అంత చిన్న మొత్తం మీద మొదలైన కేసు బ్లేన్ సవరణల కోరలు పీకేసింది. ఇప్పుడు న్యాయపరంగా చుట్టుదారి అవసరం దాదాపు తీరిపోయింది. అయినా పన్ను దారిని ఎందుకు వదలలేదంటే, బడ్జెట్‌లో ఖర్చుగా కనిపించకపోవడం రాజకీయంగా చాలా సుఖం.

మిల్వాకీ నుంచి అరిజోనాకు

మిల్వాకీ పథకం కోసం పోరాడిన పాలీ విలియమ్స్ నల్లజాతి శాసనసభ్యురాలు, డెమొక్రాట్. నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ అధ్యక్ష ఎన్నికల ప్రచారానికి విస్కాన్సిన్‌లో సారథ్యం వహించినావిడ. రిపబ్లికన్ గవర్నర్ టామీ థాంప్సన్‌తో చేయి కలిపి పథకాన్ని సాధించారు. ఆమె వాదన సూటిగా ఉండేది. డబ్బున్నవాళ్లు మంచి బడులున్న పేటలో ఇల్లు కొనుక్కుని బడిని ఎంచుకుంటూనే ఉన్నారు, ఆ వీలు పేదవాళ్లకు ఎందుకు ఉండకూడదు? అప్పటి పథకంలో నియమాలు బిగువుగా ఉండేవి. దారిద్ర్యరేఖకు 1.75 రెట్లకు మించని ఆదాయం ఉన్న కుటుంబాలకే వోచరు. ఎక్కువమంది వస్తే బడి లాటరీ తీయాలి, ఏరుకోకూడదు. 2,400 డాలర్ల పైచిలుకు వోచరునే పూర్తి ఫీజుగా స్వీకరించాలి. మొదటి ఏడాది చేరింది ఏడు బడులు, మూడు వందల పైచిలుకు పిల్లలు.

తర్వాత ఆదాయ పరిమితి 2011 నాటికి దారిద్ర్యరేఖకు మూడు రెట్లకు చేరింది. తాను పేదల కోసం తెచ్చిన పథకాన్ని పక్కదారి పట్టించారని పాలీ విలియమ్స్ బహిరంగంగానే విమర్శించారు. 2014లో ఆమె మరణించారు. అరిజోనా 2022లో చేసినది చూడలేదు.

2018లో అరిజోనా ఓటర్లు విద్యా ఖాతాల విస్తరణను సుమారు మూడింట రెండు వంతుల ఆధిక్యంతో తిరస్కరించారు. నాలుగేళ్లకే గవర్నర్ డగ్ డ్యూసీ హయాంలో శాసనసభ రాష్ట్రంలోని ప్రతి పిల్లవాడికీ ఆ ఖాతాను వర్తింపజేసింది. ఆదాయ పరిమితి లేదు, లాటరీ లేదు, ఫీజుపై అదుపు లేదు. తలకు సుమారు 7,000 డాలర్లు. తొలి విడత దరఖాస్తుల్లో దాదాపు 75 శాతం అంతకుముందు ప్రభుత్వ బడిలో చదవని పిల్లలవేనని రాష్ట్ర విద్యాశాఖ లెక్కలే చెప్పాయి. ఫ్లోరిడా 2023లో ఇదే బాట పట్టింది. అక్కడ మొదటి ఏడాది కొత్తగా సాయం పొందినవారిలో 69 శాతం అప్పటికే ప్రైవేటు బడుల్లో ఉన్నారు. ప్రభుత్వ బడి నుంచి మారినవారు 13 శాతం. మిగిలినవారు అప్పుడే బడిలో చేరుతున్న పసివాళ్లు.

ఎందుకిలా జరుగుతుందో చిన్న లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఉదాహరణకు ఖాతాలో 7,000 డాలర్లు, బడి ఫీజు 15,000 అనుకుందాం. నిన్నటిదాకా 15,000 కడుతున్న కుటుంబానికి 7,000 చేతిలో మిగిలాయి. నిన్నటిదాకా ఏమీ కట్టని కుటుంబం ఇప్పుడు ఆ బడికి వెళ్లాలంటే 8,000 కొత్తగా తేవాలి. పైగా ప్రభుత్వ బడి ఇచ్చే పసుపుపచ్చ బస్సు, మధ్యాహ్న భోజనం పోతాయి. ఉదయం పిల్లవాణ్ని కారులో దింపి, సాయంత్రం తీసుకురావడానికి ఇంట్లో ఒకరి పనివేళలు కలిసిరావాలి. ఒకే చట్టం, ఒకే మొత్తం. ఒక ఇంటికి అది ఆదాయం, ఇంకో ఇంటికి అందని ద్రాక్ష.

బడి యజమానులు కూడా లెక్కలు తెలిసినవాళ్లే. అయోవా రాష్ట్రంలో విద్యా ఖాతాలు మొదలయ్యాక ప్రైవేటు ఫీజులను పరిశోధకులు పరిశీలించారు. అందరికీ అర్హత వచ్చిన కిండర్‌గార్టెన్ తరగతిలో ఫీజు 20 శాతానికి పైగా పెరిగింది. కొందరికే అర్హత ఉన్న పై తరగతుల్లో పెరుగుదల అంతకంటే తక్కువ. కుటుంబానికి ఇచ్చిన సాయంలో కొంత వాటా కౌంటరు అవతలికి జారిపోయిందన్నమాట.

అయితే అదనపు ఫీజు వసూలు చేయకూడదని శాసిస్తే సరిపోతుందా? లూసియానా అనుభవం అంత తేలిగ్గా తేలనివ్వదు. 2012లో రాష్ట్రమంతటికీ విస్తరించిన అక్కడి పథకంలో పేద పిల్లలకే వోచరు, లాటరీతోనే ప్రవేశం, వోచరే పూర్తి ఫీజు. కాగితం మీద ఆదర్శంగా ఉంది. పేరున్న బడులు ఆ షరతులకు ఒప్పుకోక దూరంగా ఉండిపోయాయి. వచ్చినవాటిలో పిల్లలు తగ్గిపోతూ సీట్లు నింపుకోవాలని చూస్తున్న బడులు చాలా ఉన్నాయి. లాటరీలో గెలిచి ఆ బడుల్లో చేరిన పిల్లల గణితం మార్కులు బాగా పడిపోయాయి. ఫెయిలయ్యే అవకాశం 50 శాతం పెరిగింది. వోచర్లపై జరిగిన పరిశోధనల్లో ఇంత ప్రతికూల ఫలితం అరుదు.

అలాగని ఇదే చివరి మాటగా తీసుకోకూడదు. ఒహాయోలో వోచరుతో చదివిన పిల్లల్లో 64 శాతం కాలేజీలో చేరగా, అలాంటి నేపథ్యమే ఉండి ప్రభుత్వ బడిలో ఉన్నవారిలో 48 శాతమే చేరారని 2025లో ఒక అధ్యయనం తేల్చింది. వారిలో ఎక్కువమంది పథకం తక్కువ ఆదాయ కుటుంబాలకూ, వెనుకబడిన బడుల పిల్లలకూ పరిమితమై ఉన్న రోజుల్లో చేరినవారు. ఫ్లోరిడాలో పన్ను దారి పథకం పెరిగేకొద్దీ చుట్టుపక్కల ప్రభుత్వ బడుల ఫలితాలు కొంచెం మెరుగయ్యాయి. పోటీ వస్తే ప్రభుత్వ బడి కూలిపోతుందన్న భయం అన్నిచోట్లా నిజం కాలేదు. ఈ మంచి ఫలితాలన్నీ అవసరమున్న కొందరికే పరిమితమైన పథకాలవి. వాటిని చూపించి అందరికీ ఇచ్చే పథకాలను సమర్థించడం మాత్రం అతికే వాదన కాదు.

ఈ ముడిని విప్పడానికి రెండు దేశాలు రెండు రకాలుగా ప్రయత్నించాయి. స్వీడన్ 1992లో వోచర్లు తెచ్చింది. కొద్దికాలానికే పూర్తి ఖర్చు ప్రభుత్వమే ఇస్తూ, బడులు పైసా అదనంగా తీసుకోకూడదంది. చిలీ 1981లో, పినోషే సైనిక పాలనలో, దేశమంతటా వోచరు పెట్టి, 1990ల్లో పైఫీజు వసూలుకు తలుపులు బార్లా తీసింది. ఎంత కట్టగలరో దాన్నిబట్టి పిల్లలు వేర్వేరు బడులుగా విడిపోయారు. 2006లో హైస్కూలు విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 2008లో పేద పిల్లల వోచరు విలువ పెంచారు. 2015లో ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడుల్లో పైఫీజు, లాభాపేక్ష, పిల్లల్ని ఏరుకోవడం మూడింటినీ దశలవారీగా నిషేధించారు. ముప్పై నాలుగేళ్ల తర్వాత మిల్వాకీ తొలినాటి నియమాలకే వచ్చి చేరారు.

ఆంధ్ర గ్రామాల్లో జరిగిన ప్రయోగం

వోచర్ల మీద ప్రపంచంలో జరిగిన అత్యంత పకడ్బందీ ప్రయోగాల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగిందని తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. 2008 నుంచి 2012 వరకు ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని నడిపారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు ఇందులో పాలుపంచుకున్నాయి. రెండు అంచెల్లో లాటరీ తీశారు. ఏ గ్రామంలో వోచర్లు ఇవ్వాలో మొదటి లాటరీ, ఆ గ్రామంలో ఏ పిల్లలకు ఇవ్వాలో రెండోది. దీనివల్ల వోచరు పొందిన పిల్లల సంగతే కాకుండా, ప్రభుత్వ బడిలో మిగిలిపోయిన పిల్లలు, అప్పటికే ప్రైవేటులో ఉన్న పిల్లలు ఏమయ్యారో కూడా కొలవగలిగారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు వోచరే భరించింది. అంటే పైన చెప్పుకున్న తేడా సమస్య ఇక్కడ లేదు.

నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగు, గణితంలో వోచరు పిల్లలకూ మిగతావారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు. కారణం టైంటేబుల్‌లో దొరికింది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు చెప్పని హిందీకి ప్రైవేటు బడులు సమయం కేటాయించాయి. తెలుగు, గణితానికి తక్కువ గంటలు పెట్టి కూడా సమాన ఫలితం సాధించి, మిగిలిన గంటల్లో ఇంగ్లిష్, హిందీ చెప్పాయి. ఊళ్లో మిగిలిన పిల్లల మీద మంచి ప్రభావమూ లేదు, చెడు ప్రభావమూ లేదు. ఇక ఖర్చు సంగతి చూస్తే, ఆ ప్రైవేటు బడులు ఒక్కో విద్యార్థిపై పెట్టింది ప్రభుత్వ బడిలో అయ్యేదాంట్లో మూడో వంతు కూడా లేదు.

ఈ ఫలితాన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్లు చదువుకున్నారు. ప్రైవేటు బడి గొప్ప ఏమీ లేదు చూశారా అని ఒక పక్షం. మూడో వంతు ఖర్చుతో అదే చదువు వస్తోంది చూశారా అని ఇంకో పక్షం. రెండూ నిజమే. ఆ తక్కువ ఖర్చు ఎక్కడ నుంచి వచ్చిందో మాత్రం మరచిపోకూడదు. శిక్షణ లేని యువతీయువకులకు ప్రభుత్వ టీచరు జీతంలో ఆరో వంతు ఇచ్చి పాఠం చెప్పించడం వల్ల వచ్చింది. దాన్ని సామర్థ్యం అనాలా, చవక కూలీ అనాలా అన్నది గణాంకాలు తేల్చగలిగిన విషయం కాదు. తల్లిదండ్రులు ఆరాటపడిన ఇంగ్లిష్ మీడియం గురించి కూడా ఆ అధ్యయనంలో ఒక సూచన ఉంది. ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కిన పిల్లల్ని ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియంలో వేస్తే మిగతా సబ్జెక్టులు దెబ్బతినవచ్చని. తర్వాతి ప్రభుత్వాలు ఈ సూచనను పట్టించుకున్న దాఖలాలు పెద్దగా లేవు.

పేరు వోచరు కాదు, పని అదే

తెలుగు రాష్ట్రాల్లో ‘వోచరు’ అని ఏ పథకానికీ పేరు పెట్టలేదు. కానీ అరడజను పథకాలు అదే పని చేస్తున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి, 2025 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం రెండూ పేద కుటుంబాల పిల్లలు ప్రభుత్వ బడిలో ఉన్నా ప్రైవేటులో ఉన్నా తల్లి ఖాతాలో డబ్బు వేస్తాయి. మొదటిది ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఏటా ఒక్కరి లెక్కనే 15,000 రూపాయలు ఇచ్చేది. రెండోది పిల్లలందరికీ విడివిడిగా ఇస్తోంది, బడి నిర్వహణకు 2,000 పట్టుకుని 13,000 జమ చేస్తోంది. డబ్బుకు బడి ఫీజుతో లంకె లేదు, హాజరుతోనే లంకె. ప్రభుత్వ బడి పిల్లవాడి ఇంట్లో అది ఇంటి ఖర్చులకు ఆసరా అవుతుంది. పల్లెలోని చిన్న ప్రైవేటు బడి ఫీజుకు చాలావరకు సరిపోతుంది. పట్టణంలోని కార్పొరేట్ బడిలో ఒక టర్ము ఫీజుకు కూడా చాలకపోవచ్చు. ఆశ్చర్యమేమిటంటే ఫీజుతో ముడిపెట్టకపోవడమే దీనికున్న మంచి గుణం. ప్రైవేటుకు వెళ్తేనే డబ్బు అన్న ప్రలోభం ఇందులో లేదు.

విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) దీనికి నేరుగా వ్యతిరేక దిశలో నడుస్తుంది. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ప్రభుత్వం తన బడిలో ఒక పిల్లవాడిపై పెట్టే ఖర్చు, ఆ ప్రైవేటు బడి ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది చెల్లిస్తుంది. తేడా తల్లిదండ్రుల నెత్తిన కాకుండా బడి నెత్తిన పడుతుంది. చట్టం 2010 నుంచి అమల్లో ఉన్నా, ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిబంధన కదలడానికి 2022 దాకా పట్టింది. తెలంగాణలో ఏళ్ల తరబడి అతీగతీ లేదు. యాజమాన్యాలు ఎందుకు అంత గట్టిగా అడ్డుపడ్డాయో ఆ ‘తక్కువైతే’ అన్న మాటలోనే తెలుస్తుంది.

పన్ను దారి మన దగ్గరా ఉంది, చాలా నిశ్శబ్దంగా. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80సీ (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 123) కింద ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజును లక్షన్నర పరిమితిలో ఆదాయం నుంచి తీసివేసుకునే వీలు ఏళ్లుగా ఉంది. బస్సు ఫీజు, హాస్టల్, డొనేషన్ లెక్కలోకి రావు. పీఎఫ్, బీమా ప్రీమియం, ఇంటి రుణం అసలు కూడా ఆ లక్షన్నరలోనే ఇరుక్కోవాలి కనుక చాలామంది ఉద్యోగులకు ఫీజు రసీదు చూపినా అదనంగా ఒరిగేది తక్కువ. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అదీ లేదు. పన్ను కట్టే స్థాయి ఆదాయం లేని కూలీకి, చిరు వ్యాపారికి ఈ దారి ఏనాడూ తెరుచుకోలేదు. అమెరికాలో కళాశాల చదువు కోసం పుట్టిన, పన్ను రాయితీ ఉన్న 529 పొదుపు ఖాతాల పరిస్థితీ ఇంతే. 2017లో బడి ఫీజుకు ఏటా 10,000 డాలర్ల దాకా వాడుకోనిచ్చారు, 2026 నుంచి దాన్ని 20,000 చేశారు. ముందుగానే పొదుపు చేయగలిగినవాళ్లకే అది ఉపయోగం.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ చర్చ ఎక్కడ తగులుతుందంటే టెక్సస్‌లో. డాలస్ శివార్లలో, ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో, ఇల్లు కొనేముందు మనవాళ్లు చూసేది ప్రభుత్వ బడి రేటింగే. ఆస్తి పన్ను, ఇంటి ధర రూపంలో బడి ఫీజు ముందే కట్టేస్తున్నట్టు లెక్క. పాలీ విలియమ్స్ చెప్పిన ‘డబ్బున్నవాళ్ల ఎంపిక’ ఇదే. గ్రామీణ రిపబ్లికన్లు ఏళ్లపాటు అడ్డుకున్న విద్యా ఖాతాల చట్టంపై 2025 మేలో గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేశారు. 100 కోట్ల డాలర్లతో, తలకు పది వేల డాలర్ల ప్రాంతంలో, 2026-27 విద్యా సంవత్సరానికి మొదలయ్యేలా రూపొందించారు. అరిజోనాను చూసి కొంత నేర్చుకున్నట్టున్నారు. దరఖాస్తులు ఎక్కువైతే అంగవైకల్యం ఉన్నవారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి ముందు ఇవ్వాలన్నారు. దారిద్ర్యరేఖకు ఐదు రెట్లు దాటిన కుటుంబాలకు మొత్తంలో 20 శాతం మించి పోకూడదన్నారు.

తెలుగు నేలపై అన్నిటికన్నా పెద్ద వోచరు బడిది కాదు, కళాశాలది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల మందిని ఇంజినీరింగ్ గడప దాటించింది, ప్రైవేటు కళాశాలల వెల్లువకూ ఊతమిచ్చింది. తెలంగాణలో ఎంట్రన్స్ ర్యాంకు 10,000 దాటిన బీసీ, ఈబీసీ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చేది 35,000 రూపాయలే. లక్ష రూపాయల ఫీజున్న కళాశాలలో మిగతా 65,000 ఇంటి నుంచి రావాలి. ఇక్కడ మొత్తంలో తేడాకు తోడు కాలంలో తేడా కూడా ఉంది. ప్రభుత్వం ఇస్తానన్న 35,000 ఎప్పుడు వస్తుందో తెలియదు. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి నిరసనకు దిగాయి. ఎస్సీ, ఎస్టీ పిల్లలను మంచి ప్రైవేటు బడుల్లో చదివించే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకంలోనూ అదే ఏడాది బకాయిల గొడవే. అమెరికన్ పథకాలకు ఎన్ని లోపాలున్నా ఖాతాలో డబ్బు చాలావరకు వాయిదాల ప్రకారం పడుతుంది. ఇక్కడ చదువు పూర్తయి ఉద్యోగం చేతికొచ్చిన విద్యార్థి సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్తే, ప్రభుత్వం నుంచి రాలేదు, ముందు మీరు కట్టి తీసుకెళ్లండి, వచ్చాక తిరిగిస్తాం అంటారు. తల్లిదండ్రులు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడతారు. ఆ వడ్డీని రీయింబర్స్ చేసే పథకం ఏదీ లేదు.